పరిశోధకుడైన యువకవి

పాఠ్యభాగ ఉద్దేశం

పైచదువులు సృజనశక్తిని కుంటుపరుస్తాయన్న అభిప్రాయం విద్యార్థి లోకంలో తరచుగా వినిపిస్తుంది. డాక్టర్ సి. నారాయణరెడ్డి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో స్నాతకోత్తర విద్యార్థిగా, పరిశోధకుడిగా గడిపిన కాలాన్ని ఆధారంగా చేసుకొని ఆ అభిప్రాయంలోని మంచిచెడ్డలను విచారించడం, పాండిత్యానికీ సృజనకూ గల సంబంధాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కావ్యరచనకు కారణమేమి అన్న ప్రశ్నను మన ఆలంకారికులు లోతుగా చర్చించారు. ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం అనే మూడింటిని వారు కావ్యహేతువులుగా పేర్కొన్నారు. ప్రతిభ సహజంగా లభించే శక్తి. లోకాన్నీ, శాస్త్రాలనూ, పూర్వకావ్యాలనూ పరిశీలించడంవల్ల కలిగే నైపుణ్యం వ్యుత్పత్తి. కావ్యం తెలిసినవారి శిక్షణలో మళ్ళీ మళ్ళీ రచన చేయడం అభ్యాసం. ఇవి వేరువేరు కారణాలు కావని, మూడూ కలిసి ఒకే కారణమని మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో సిద్ధాంతీకరించాడు.

శాస్త్రగ్రంథంలో చదివినప్పుడు ఈ మాట సులభంగానే తోస్తుంది. కవిత రాసే విద్యార్థి జీవితంలో మాత్రం ఇది చిన్న సమస్య కాదు. పరీక్షకు చదవవలసిన గ్రంథాలు ఒకవైపు, మనసులో మెదలే పాట మరొకవైపు అతణ్ణి లాగుతుంటాయి. నన్నయ తిక్కనల పద్యాలు చదివిన తరువాత తన గేయం తనకే వెలవెలబోయినట్లు కనిపిస్తుంది. వ్యాకరణం తెలిసిన కొద్దీ కలం ముందుకు సాగడానికి జంకుతుంది. పాండిత్యం పెరిగితే కవిత్వం తరుగుతుందేమోనన్న భయం అతనికి సహజంగానే కలుగుతుంది. ఈ భయానికి సమాధానం సూత్రాలలో కంటె, ఆ దారిలో నడిచిన కవుల జీవితాలలో స్పష్టంగా దొరుకుతుంది. అటువంటి కవులలో సింగిరెడ్డి నారాయణరెడ్డి ఒకరు. సాహిత్యలోకానికి ఆయన ‘సినారె’గా సుపరిచితులు.

సినారె 1931 జూలై 29న అప్పటి కరీంనగర్ జిల్లాలోని హనుమాజీపేటలో జన్మించారు. ఆ గ్రామం నేడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది. తండ్రి మల్లారెడ్డి వ్యవసాయదారుడు. తల్లి బుచ్చమ్మ గృహిణి. బాలుడైన నారాయణరెడ్డి మొదటి చదువు ఊరి వీధిబడిలో సాగింది. అయితే ఆయనకు కవిత్వపు తొలి రుచి చూపినవి హరికథలు, జంగం కథలు, పల్లెపాటలు. అర్థం పూర్తిగా తెలియని వయస్సులోనే లయ ఆయన చెవిలో నిలిచిపోయింది.

ఆ తరువాత సిరిసిల్లలోనూ కరీంనగర్‌లోనూ సాగిన పాఠశాల విద్య ఉర్దూ మాధ్యమంలో జరిగింది. నిజాం రాజ్యంలో పాలనాభాష ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను సైతం ఉర్దూలోనే బోధించింది. అందుకు అవసరమైన పాఠ్యగ్రంథాలను సిద్ధం చేయడానికి ప్రత్యేకంగా ఒక అనువాద శాఖను కూడా ఏర్పాటు చేశారు. ఒక భారతీయ భాషలో ఆధునిక శాస్త్రాలను బోధించవచ్చునని నిరూపించిన ఘనత ఆ విశ్వవిద్యాలయానిది. అయినా రాజ్యంలో అధిక సంఖ్యాకుల మాతృభాష అయిన తెలుగుకు బోధనభాష స్థానం లభించలేదు. హైదరాబాదుకు వచ్చి ఇంటర్మీడియట్, డిగ్రీ చదువులను కూడా నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలోనే పూర్తి చేశారు. అంటే భూగోళాన్నీ, చరిత్రనూ, గణితాన్నీ ఒక భాషలో నేర్చుకుంటూ, కవిత్వాన్ని మరొక భాషలో కలగన్న విద్యార్థి ఆయన.

ఇటువంటి విద్యార్థికి గ్రంథాలయమే రెండవ పాఠశాల అయింది. 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం తెలంగాణలో తెలుగు చదువరులకు చేసిన మహోపకారం అందరికీ తెలిసినదే. తరగతి గదిలో దొరకని తెలుగు పుస్తకాలు నారాయణరెడ్డికి అక్కడ దొరికాయి. తెలంగాణలో కవులే లేరన్న అపవాదుకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించారు. దాశరథి వంటి కవులు నిరంకుశ పాలనను ఎదిరించి కారాగారవాసం అనుభవించారు. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమయింది. నారాయణరెడ్డి కలం పట్టేనాటికి తెలుగులో రాయడం తెలంగాణలో సాహిత్య వ్యాసంగం మాత్రమే కాదు, ఆత్మగౌరవ ప్రకటన కూడా.

పట్టభద్రుడైన తరువాత ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ.లో చేరారు. ఆ శాఖకు అప్పటికే కవిపండితుల సంప్రదాయం ఉంది. భావకవితకు ఆద్యులలో ఒకరైన రాయప్రోలు సుబ్బారావు అక్కడ దీర్ఘకాలం ఆచార్యులుగా పనిచేశారు. ఖండవల్లి లక్ష్మీరంజనం, దివాకర్ల వేంకటావధాని వంటి విద్వాంసులు ఆ శాఖకు వన్నె తెచ్చారు. ‘గంగిరెద్దు’ కవి పల్లా దుర్గయ్య ప్రబంధ వాఙ్మయాన్ని పరిశోధించారు. బిరుదురాజు రామరాజు పల్లెపాటలను సేకరించి, తెలుగు జానపద గేయసాహిత్యంపై సిద్ధాంత గ్రంథం సమర్పించారు. చిన్ననాట హనుమాజీపేటలో విన్న పాటలు విశ్వవిద్యాలయంలో శాస్త్రీయ పరిశీలనకు అర్హమైన విషయాలు కావడం ఆ తరం విద్యార్థులు కన్నులారా చూసిన మార్పు.

సినారె 1954లో ఎం.ఏ. పట్టా పొందారు. ఆయన తొలి రచనల తేదీలను ఈ తేదీతో కలిపి చూస్తే ఒక విశేషం గోచరిస్తుంది. గేయనాటిక ‘నవ్వని పువ్వు’, కవితాసంపుటి ‘జలపాతం’ 1953లో వెలువడ్డాయి. ‘విశ్వగీతి’ 1954లో వచ్చింది. పరీక్షలకు చదువుతున్న కాలంలోనే ఆయన పుస్తకాలు అచ్చయ్యాయి. చదువు ముగిసిన తరువాత తీరికగా రాద్దామని ఆయన వేచి ఉండలేదు. రచన ఉన్నదికదా అని చదువును విడిచిపెట్టనూలేదు.

ఎం.ఏ. తరువాత ఆయన ముందు రెండు బాధ్యతలు నిలిచాయి. ఒకటి జీవిక. సికింద్రాబాదులోని ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాలలోను, తరువాత నిజాం కళాశాలలోను ఆయన అధ్యాపకులుగా పనిచేశారు. రెండవది పరిశోధన. ‘ఆధునికాంధ్ర కవిత్వము - సంప్రదాయములు, ప్రయోగములు’ అన్న అంశంపై చేసిన పరిశోధనకు 1962లో ఆయనకు డాక్టరేటు లభించింది. ఎం.ఏ.కూ డాక్టరేటుకూ మధ్య గడిచినవి ఎనిమిది సంవత్సరాలు. పగలు పాఠం చెప్పడం, మిగిలిన వేళ పరిశోధనకు కావలసిన పుస్తకాలు చదవడం, ఆ రెండింటి నడుమ కవిత్వానికి చోటు కల్పించడం తేలికైన పని కాదు. ఎందరో యువకవుల కలాలు సరిగ్గా ఇటువంటి దశలోనే నిలిచిపోతాయి. సినారె విషయంలో అలా జరగలేదు. ‘నారాయణరెడ్డి గేయాలు’, ‘నాగార్జున సాగరం’ 1955లోను, ‘కర్పూర వసంతరాయలు’ 1957లోను వెలువడ్డాయి. ఆయన కీర్తికి పునాది వేసిన కావ్యాలు ఆ ఎనిమిదేళ్ళలోనివే.

దీనికి కారణం ఆయన ప్రతిభ ఒక్కటే అనుకోవడం పొరపాటు. ఆయన ఎన్నుకొన్న పరిశోధనాంశం కూడా ఒక ముఖ్యకారణం. సంప్రదాయం, ప్రయోగం అన్న రెండు మాటలు పరిశోధకుడికి విషయవిభాగాలు; యువకవికి మాత్రం అవి ప్రాణసమస్యలు. ఛందస్సును పాటించాలా, విడిచిపెట్టాలా? పురాణగాథను ఎత్తుకోవాలా, నేటి మనిషిని పాడాలా? కొత్తగా కనిపించేదంతా కొత్తదేనా? తన కాగితం మీద ప్రతిరోజూ ఎదురయ్యే ప్రశ్నలనే సినారె తన సిద్ధాంత గ్రంథానికి విషయంగా స్వీకరించారు. అందువల్ల పరిశోధన కోసం చదివిన పుస్తకం కవితకు పనికివచ్చింది. కవిత రాస్తూ తెలుసుకొన్న మెలకువ పరిశోధనకు వెలుగునిచ్చింది.

ఈ ప్రశ్నలతో తెలుగు సాహిత్యచరిత్రను పరిశీలిస్తే యువకవికి గొప్ప ధైర్యం కలుగుతుంది. నేడు సంప్రదాయానికి ప్రతినిధిగా మనం భావించే నన్నయ, సంస్కృత మహాభారతాన్ని గద్యపద్యాత్మకమైన తెలుగు కావ్యంగా మలచడానికి పూనుకొన్ననాడు చేసినది మహాప్రయోగం. తిక్కన ఒక్క వచనమైనా లేకుండా ‘నిర్వచనోత్తర రామాయణం’ రచించాడు. పాల్కురికి సోమనాథుడు దేశి ఛందస్సైన ద్విపదకు కావ్యగౌరవం కలిగించాడు. గురజాడ 1910లో ‘ముత్యాల సరాలు’ వెలయించి, మూడు నాలుగు మాత్రలు కలిసి ఏడు మాత్రలయ్యే నడకలో ఆధునిక భావాన్ని నడిపించాడు. ఆ నడక పూర్తిగా ఆకాశం నుండి ఊడిపడింది కాదు. మిశ్రగతిగా పాటకూ తాళానికీ తెలిసినదే. నేటి సంప్రదాయం నిన్నటి ప్రయోగమే. ఈ సత్యం గ్రహించిన యువకవికి పూర్వకవులు న్యాయాధిపతులుగా కనిపించరు; తనకంటె ముందు ఇదే పనిలో పాటుపడిన అన్నలుగా కనిపిస్తారు. అప్పుడు నన్నయ పద్యం చదివి కలం దించవలసిన అవసరం ఉండదు.

పాండిత్యం కవితకు వస్తువును ఎలా అందిస్తుందో తెలియడానికి ఆయన రెండు కావ్యాలను చూడవచ్చు. కృష్ణానదిపై నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. జలాశయంలో మునిగిపోనున్న నాగార్జునకొండ లోయలో 1954 నుండి పెద్దఎత్తున తవ్వకాలు సాగాయి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, బౌద్ధవిహారాలు, శిల్పాలు వెలుగుచూశాయి. ఇంజనీరు ఆ లోయలో నీటిని చూశాడు. చరిత్రకారుడు శిథిలాలను చూశాడు. యువకవి ఆ శిథిలాల వెనుక ఒకనాడు ప్రేమించి బాధపడిన మనుషులను దర్శించి ‘నాగార్జున సాగరం’ కావ్యాన్ని రచించాడు.

‘కర్పూర వసంతరాయలు’ కావ్యానికి నాయకుడు కొండవీటి ప్రభువు కుమారగిరిరెడ్డి. ఆయన వసంతోత్సవాలలో కర్పూరాన్ని వెదజల్లించి ‘కర్పూర వసంతరాయ’ బిరుదు పొందినవాడు. నాట్యశాస్త్రంపై ‘వసంతరాజీయం’ రచించినవాడు. ఆయన బావమరిది కాటయవేముడు కాళిదాసు నాటకాలకు ‘కుమారగిరిరాజీయం’ అనే వ్యాఖ్య రాశాడు. ఈ విషయాలు సాహిత్యచరిత్ర చదివే విద్యార్థికి పరీక్షలో రాయవలసిన అంశాలు మాత్రమే. వాటిని బట్టీపట్టి మరచిపోయేవారు ఎందరో ఉంటారు. సినారె ఆ చరిత్రలోని రాజుకూ నర్తకి లకుమకూ నడుమ ప్రణయాన్నీ, రాజధర్మానికీ ప్రణయానికీ మధ్య పెనుగులాటనూ గేయకావ్యంగా తీర్చిదిద్దారు. మాత్రాఛందస్సులోని గతిభేదాలు నర్తకి పదవిన్యాసానికి అనుగుణంగా నడవడం ఆ కావ్యంలోని సొగసు. చరిత్రజ్ఞానం, ఛందోజ్ఞానం లేనిదే ఆ కావ్యం లేదు. అవి మాత్రమే ఉన్నా ఆ కావ్యం లేదు.

పరిశోధన కోరేది ఒకటి, కవిత కోరేది మరొకటి అన్న మాటలో సత్యం లేకపోలేదు. పరిశోధన గ్రంథంలో ప్రతి ప్రతిపాదనకూ ఆధారం చూపాలి. ఎదుటివారి వాదాన్ని న్యాయంగా చెప్పి, తరువాతనే దానిని కాదనాలి. తనకు ఇష్టమైన కవిలోని దోషాన్నీ, ఇష్టంలేని కవిలోని గుణాన్నీ అంగీకరించాలి. కవిత ఆధారాలు చూపదు. అనుభూతినే ప్రమాణంగా నిలుపుతుంది. ఈ రెండు స్వభావాలను ఒకే మనిషి ఒకే కాలంలో పోషించడం వల్ల కొంత ఘర్షణ తప్పదు. అయితే ఆ ఘర్షణ నుండి యువకవికి ఒక గుణం అలవడుతుంది. తన రచనను తానే పరాయివాడిలా చదవగలగడం ఆ గుణం. రాసిన ప్రతి పంక్తినీ ప్రేమించే వయస్సులో, దానిని కొట్టివేసే ధైర్యం పరిశోధకుడి దృష్టి వల్లనే వస్తుంది.

సినారె చదివిన రోజులలో తెలుగు శాఖలలో పట్టా కోసం సమర్పించవలసింది సిద్ధాంత గ్రంథమే. విద్యార్థి ఎంత చక్కని కావ్యం రాసినా అది పట్టాకు సాధనం కాదు. అందుచేత కవి అయిన విద్యార్థి రెండు పనులనూ వేరువేరుగా చేయవలసి వచ్చేది. ప్రపంచంలో మరొక పద్ధతి కూడా ఉంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం సృజనాత్మక రచనను ఉన్నత పట్టాకు సిద్ధాంత గ్రంథంగా స్వీకరించడానికి 1922లోనే అంగీకరించింది. 1936లో అక్కడ రచయితల కార్యశాల ప్రారంభమయింది. జార్జియా రాష్ట్రం నుండి 1945లో పత్రికారచన అభ్యసించడానికి అక్కడికి వెళ్ళిన ఫ్లానరీ ఓకానర్ అనే యువతి, ఆ కార్యశాలలో చేరి, 1947లో కథలసంపుటిని సమర్పించి పట్టా పొందింది. అందులోని ‘ది జెరేనియం’ అనే తొలికథను ఆమె మరచిపోలేదు. దక్షిణ ప్రాంతపు పల్లె విడిచి న్యూయార్కులో కూతురి ఇంట తలదాచుకొన్న వృద్ధుని కథ అది. 1964లో మరణించడానికి కొద్దికాలం ముందు ఆమె ఆ వస్తువునే తిరిగి చేపట్టి ‘జడ్జ్‌మెంట్ డే’ అన్న కథగా రాసింది. విద్యార్థిదశలో ఎత్తుకొన్న ప్రశ్న ఆమెకు జీవితాంతం తోడుగా నిలిచింది.

పద్ధతులు వేరైనా సినారె విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. డాక్టరేటు పొందిన 1962లోనే ‘గులేబకావళి కథ’ చిత్రానికి ఆయన రాసిన పాటలు తెలుగునాట మారుమోగాయి. పరిశోధన చేసిన ఆచార్యుడు సామాన్యుని పెదవులపై నిలిచే పాట రాయగలడని అవి చాటాయి. విద్యార్థిగా ఉర్దూ చదివిన ఫలితం వృథా కాలేదు. ఉర్దూ, పారశీక కవులు పెంచిన గజల్ ప్రక్రియను ఆయన తరువాతి కాలంలో తెలుగులో రచించి స్వయంగా గానం చేశారు. గజల్‌లో ప్రతి ద్విపదీ దానికదే ఒక పూర్ణభావం. అంత్యప్రాసలే వాటిని కలిపే దారం. ఒకనాడు విధిగా చదవవలసి వచ్చిన భాష ఇంకొకనాడు తెలుగు కవితకు కొత్త ప్రక్రియను అందించింది. గేయంతో మొదలైన కవి, సంప్రదాయ ప్రయోగాల విచారణను మానకుండా, 1980లో ‘విశ్వంభర’ను వచన కవితలో రచించారు. ఆ కవికి 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం లభించింది. 2017 జూన్ 12న కన్నుమూసేవరకు ఆయన కలం విశ్రమించలేదు.

వెనుదిరిగి చూసినప్పుడు ఉస్మానియాలో గడిచిన ఆ సంవత్సరాలు ఆయనకు కవిత్వాన్ని ప్రసాదించాయని చెప్పలేము. ఆ విత్తనం హనుమాజీపేటలోనే పడింది. విశ్వవిద్యాలయం చేసినది, తన పాటలో పూర్వులది ఎంత, తనది ఎంత అని తెలుసుకొనే కొలమానాన్ని ఆయన చేతికి అందించడం. చదువు కవిని పుట్టించదు; పుట్టిన కవిని పెంచుతుంది. అయితే ఆ పెంపకానికి విద్యార్థి కూడా ఒక నియమం పాటించాలి. తనను నిజంగా కలవరపెట్టే ప్రశ్ననే చదువుకు విషయంగా ఎన్నుకోవాలి. పరులు మెచ్చే విషయమనో, త్వరగా ముగిసే విషయమనో ఎన్నుకొన్న పరిశోధన పట్టాను ఇవ్వవచ్చు గాని, కవితకు ఊపిరి ఇవ్వదు.

నేడు కళాశాలలలో కథలూ కవితలూ రాస్తున్న విద్యార్థులు ఎందరో ఉన్నారు. వారిలో కొందరు మార్కుల కోసం రచనను మానుకొంటారు. కొందరు రచన కోసం చదువును చులకన చేస్తారు. ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం కలిసి ఒకే కారణమని మమ్మటుడు చెప్పిన మాటలోని అంతరార్థాన్ని ఒక యువకవి ఎనిమిదేళ్ళ శ్రమతో నిరూపించాడు. ఆ శ్రమలో పాలుపంచుకొనే అవకాశం చదువుకొనే ప్రతి రచయితకూ ఉంది.

కఠిన పదాలు - అర్థాలు

ఆలంకారికులు = కావ్యశాస్త్రం రచించినవారు
వ్యుత్పత్తి = లోకశాస్త్రకావ్య పరిశీలనవల్ల కలిగే నైపుణ్యం
వ్యాసంగం = ఆసక్తితో చేసే పని
వాఙ్మయం = సాహిత్యం
జీవిక = బ్రతుకుతెరువు
గతిభేదాలు = నడకలోని తేడాలు
కొలమానం = కొలిచే సాధనం

సంధులు

గ్రంథాలయం = గ్రంథ + ఆలయం - సవర్ణదీర్ఘ సంధి
మహోపకారం = మహా + ఉపకారం - గుణ సంధి
ప్రత్యేకం = ప్రతి + ఏకం - యణాదేశ సంధి

సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.

1. నేటి సంప్రదాయం నిన్నటి ప్రయోగమే.
2. చదువు కవిని పుట్టించదు; పుట్టిన కవిని పెంచుతుంది.
3. అవి మాత్రమే ఉన్నా ఆ కావ్యం లేదు.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. కావ్యహేతువులు ఏవి? వాటిని గురించి మమ్మటుని అభిప్రాయం ఏమిటి?
2. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం సినారెకు ఎలా తోడ్పడింది?
3. ఉర్దూ చదువు సినారె కవితకు ఏ విధంగా ఉపకరించింది?

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. పరిశోధన, కవిత్వం ఒకదానికొకటి ఎలా తోడ్పడతాయో సినారె జీవితం ఆధారంగా వివరించండి.
2. ‘నాగార్జున సాగరం’, ‘కర్పూర వసంతరాయలు’ కావ్యాలలో చరిత్రజ్ఞానం కవితావస్తువుగా మారిన తీరును చర్చించండి.